నత్తకు చోటు

"దెబ్బలు మాన్పేది తప్ప ఏం రాదు ఈ నత్తకు. నవ్వుతారు," అంటూ హనుమేష్ భార్య చేతిలోని ఫోన్ లాక్కున్నాడు. ఆటలో ఆమె ఏరి పెట్టుకున్న ఆరు వింతజంతువుల్లోంచి నత్తను తీసేశాడు. తాబేలునూ, మిగతావాటినీ తీసేశాడు. ఆరు చోట్లనూ నిప్పులు కక్కే డ్రాగన్లతో నింపాడు.

"అవతల నీళ్ల జంతువు వస్తే?" అంది నాగలత.

"కాల్చేస్తా. ముద్దుగా ఉండేటివి ఏరుకునేదానికి నీకేం తెలుస్తాది?"

పక్క జంటలు నవ్వాయి. కర్నూలులో భార్యాభర్తలకు పెట్టిన ఆ పోటీలో ఒక ఆట భర్త, ఒక ఆట భార్య ఆడాలి. రెండూ ఓడితే ఇంటికే.

అతని ఆట నాలుగు నిమిషాల్లో ముగిసింది. ఎదుటివాళ్ల చేప ఒక్కటే ఆరు డ్రాగన్లనూ ఆర్పేసింది.

నాగలత ఫోన్ తీసుకుని, ఒక్క డ్రాగన్‌ను ఉంచి తన జట్టును మళ్లీ పేర్చుకుంది.

"ఆరూ ఒగటే పని చేసేటివి పెట్టినావు," అంది.

హనుమేష్ కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాడు.

"ఆ నత్తను ఎప్పుడు దింపల్ల?"

నాలుగేళ్ల కాపురంలో అతను ఆమెను అడిగి తెలుసుకోవాలనుకోవడం అదే మొదలు.

"చెప్పను. కూచోని చూడు," అంది నాగలత.