ఒంటి బిడ్డ ఉయ్యాల

డెబ్బై ఏళ్లుగా అందరికీ కవలలే పుడుతున్నారు, ఒక్కొక్కరూ సరిగ్గా రెండున్నర కిలోలు. అందుకే ప్రతి ఇంట్లో ఉయ్యాలకు రెండు గదులు, మధ్యలో ఒక అడ్డచెక్క ఉంటాయి.

నాతో పుట్టిన నా జంట లోహితకు మాత్రం ఒక్కతే పుట్టింది. స్కానింగులో ఒక్కతే కనిపించినా ఎవరూ నమ్మలేదు. పాప బరువు మూడు కిలోల ఎనిమిది వందలు. నర్సు సువార్తమ్మ మూడుసార్లు తూచి, రెండో బిడ్డ కోసం సాయంత్రం దాకా ఎదురుచూసింది.

ఇంటికొచ్చాక పాపను పడుకోబెడితే ఉయ్యాల ఒరిగిపోయింది. లోహిత రెండో గదిలో అంతే బరువున్న బియ్యం మూట పెట్టింది. రోజూ పొద్దున్నే పాపను తూచి, పెరిగినంత బియ్యం మూటలో పోసేది. మూటకు చిన్న టోపీ కూడా తొడిగింది. ఇంట్లో ఎవరం నవ్వలేదు.

బారసాల నాడు తాతమ్మ తాయారమ్మ వచ్చింది. మాలో ఒంటిగా పుట్టిన మనిషి ఆవిడొక్కతే.

"ఆ మూటేంటే?"

"అది లేకపోతే ఒరిగిపోతంది తాతమ్మా. రెండోదాన్ని ఇదే మింగేసిందేమోనని భయంగా ఉంది."

"మా రోజుల్లో కవలలే పిట్టల్లా పుట్టేవోరు. ఒంటిబిడ్డ ఇలాగే బొద్దుగా ఉండేది. ఇది ఎవరి వాటా తినలేదే పిల్లా, దీని బరువు దీనిదే."

తాతమ్మ మూట తీసి కింద పెట్టింది. అడ్డచెక్కను పైకి లాగేసింది.

"మధ్యలో పడుకోబెట్టు."

లోహిత పడుకోబెట్టింది. ఉయ్యాల ఎటూ ఒరగలేదు. గదినిండా ఉన్న కవలలం ఉయ్యాల చుట్టూ మూగి చూశాం. ఉయ్యాలకు మధ్య అనేది ఒకటుంటుందని అంతవరకూ మాలో ఎవరికీ తోచలేదు.