ఇనప ముసుగు

"రోబోకి కితకితలు పెడితే సచ్చిపోద్దంట! ఇదొక సినిమాయేటి అత్తా?" హాలు బయటికి రాగానే వినీల విరుచుకుపడింది.

"రెండువేల రెండొందల సంవత్సరమంట, అప్పుడూ అదే కుళ్ళు జోకులు!" హరిబాబు తుపుక్కున ఉమ్మేశాడు.

వినీల అత్త ఎలీసమ్మ టీచరు ఇంకా హాలు తలుపు కేసే చూస్తోంది. ఈ సినిమా ఖరగ్‌పూర్ రైల్వే యార్డులో తీసినప్పుడు, ఆమె భర్త ఎబినేజర్ సెలవు పెట్టి మరీ రోబోల గుంపులో నిలబడ్డాడు. విడుదలయ్యేసరికి మనిషే లేడు. ఆటంతా ఆమె అతని కోసమే వెతికింది. అన్నీ ఒకేలాంటి ఇనప ముసుగులు.

"ఆఖరి ఫైటింగు మరీ రోత," అంది వినీల. "అందరూ హీరో మీద పడతంటే, ఎనకాల ఒక తింగరి రోబో గూడ్సుబండి కేసి తిరిగి, అది పోయేదాకా సెయ్యి సాపి నిలబడిపోనాది!"

"డైరెక్టరు గాడికి కళ్ళు..." హరిబాబు ఆగిపోయాడు. అతను ఎబినేజర్‌తో పాటు రైల్వే గేట్‌మేన్‌గా పనిచేసినవాడు.

"ఒదినా," అన్నాడు మెల్లగా. "బండి పోతంటే పచ్చజెండా సాపి అలాగే నిలబడాల. జెండా లేకపోనా మా సెయ్యి ఊరుకోదు."

ఎలీసమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో శుభ్రంగా తుడుచుకుంది.

"సినిమా చెత్తే హరిబాబూ," అంది. "తరువాతి ఆటకి నాకొక టికెట్టు తీయి."