కింద పడినా పనిచేసేది

మనవరాలు రెండేళ్ల ప్రయాణానికి చిన్న కెమెరా కొనుక్కుంటానంటే నేనూ దుకాణానికి వెళ్లాను. "రెండు వందల గ్రాములు మించకూడదు, జేబులో పట్టాలి, కింద పడినా పనిచేయాలి" అని షాపతనికి చెప్పాను. అతను మూడు తెచ్చి అద్దాల బల్ల మీద పెట్టాడు.

అప్పుడే నా కొడుకు దూసుకొచ్చి కూతురి జుట్టు పట్టుకున్నాడు.

"నేను వద్దన్నాక ఊళ్లు తిరుగుతావా?"

తలను బల్లకేసి కొట్టాడు. అద్దం పగిలింది. రెండు కెమెరాలు తీసి గోడకు విసిరాడు. మూడోది పిల్ల చేతిలో ఉంది. వాడు మళ్లీ చెయ్యెత్తేసరికి దాన్నే ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ దెబ్బకు పిల్లా, కెమెరా రెండూ నేల మీద పడ్డాయి.

నేను పక్కనున్న ట్రైపాడ్ అందుకుని వాడి మోచేతి మీద బలంగా కొట్టాను.

"అమ్మా! నన్నే కొడతావా?"

"నలభై ఏళ్లు ఆలస్యమైంది. ఇంకోటి కావాలా?"

వాడు చెయ్యి పట్టుకుని, తిట్టుకుంటూ బయటికి పోయాడు.

నేను పిల్ల నుదుటి మీది నెత్తురును రుమాలుతో అదిమాను. షాపతను కెమెరా తీసి మీట నొక్కాడు.

"పనిచేస్తోంది మామ్మగారూ. ఇందాక చెయ్యి తగిలి ఒక ఫొటో కూడా పడింది."

తెర మీద నా కొడుకు ఎత్తిన చెయ్యి, కొరుకుతున్న పళ్లు.

"తీసేస్తాను నానమ్మా. ఎంతైనా నాన్నే కదా."

"ఉంచు. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా చూసుకో" అన్నాను. "నన్ను చూడాలనిపించినా, ముందు దాన్ని చూడు."