ఆఖరిదాకా నిలిచినవాడు

శ్రీమన్నారాయణ గారి కల్లంలోంచి ఎత్తుకొచ్చిన మిర్చి టిక్కీలను పొగాకు ఆరబెట్టే పాడుబడిన బ్యారన్‌లో దాచారు నలుగురూ. గొడవ చల్లారేదాకా అమ్మడానికి లేదు. తిండీ నిద్రా ఆ బస్తాల మీదే.

పంపకం దగ్గర పేచీ వచ్చింది. ధర పడిపోయి ఉంది. నాలుగు వాటాలేస్తే ఎవడికీ ఏమీ మిగలదు. మొత్తం తనొక్కడికే వస్తే వినుకొండలో చికెన్ కొట్టు పెట్టుకోవాలని త్రినాథ్ ఆశ. నలుగురిలో అతనే పెద్ద.

త్రినాథ్‌ను కాపలా ఉంచి, శ్రీకృష్ణ, చైతన్యకృష్ణలతో బయటికి పోయి అన్నం పొట్లాలు తెచ్చిన బాలు ఒక దారి చెప్పాడు.

"అమెరికా టీవీలో ఒక ఆట వస్తుందన్నా. కొంతమందిని దీవిలో పడేస్తారు. రోజూ ఓట్లేసి ఒకణ్ణి బయటికి పంపుతారు. ఆఖరికి మిగిలినోడిదే మొత్తం."

"దీవిలో ఏం పని చేస్తార్రా?" అన్నాడు త్రినాథ్.

"పనేం లేదు. ఒకళ్ల మీద ఒకళ్లు చాడీలు చెప్పుకుంటారు, ఏడుస్తారు. దేశమంతా చూస్తుంది."

"దానికి డబ్బులిస్తారా! మా మేనత్తని పంపాల్సింది."

అందరూ సరేనన్నారు. ఎవణ్ణి పంపాలనుకుంటే వాడి ముందు ఒక మిరపకాయ పెట్టాలి. అదే ఓటు. పోయినవాడు మళ్లీ వాటా అడగకూడదు.

ఆ సాయంత్రం శ్రీకృష్ణ బ్యారన్‌లోనే బీడీ ముట్టించాడు.

"సరుకు తగలబెడతావేంట్రా?" అని త్రినాథ్ లేచాడు.

మూడు కాయలూ శ్రీకృష్ణ ముందే పడ్డాయి. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పత్తి చేనుకి అడ్డం పడి పోయాడు. వెనక్కి కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నించీ చైతన్యకృష్ణ తగువే.

"నీ మొహానికి దొంగతనం కూడానా?" అని త్రినాథ్‌ను ఆడిపోసుకున్నాడు. ఓట్ల వేళకి తన కాయ కూడా తన ముందే పెట్టుకున్నాడు.

"వీడికి ఆటే అర్థం కాలేదురా!" అని త్రినాథ్ పడీపడీ నవ్వాడు. బాలు నవ్వలేదు.

ఇక ఇద్దరే. చెరో ఓటు. తేలలేదు.

"ఇట్లాంటప్పుడు అక్కడ పరీక్ష పెడతారన్నా," అన్నాడు బాలు. "ఒక టిక్కీ విప్పి కాయలు కుమ్మరిద్దాం. తలుపేసుకుని కాళ్లతో తొక్కుదాం. ఘాటుకి ఓర్వలేక ముందు బయటికి పోయినోడు ఓడినట్టు."

తలుపు సగం మూయకముందే బాలు దగ్గుకుంటూ బయటపడ్డాడు.

త్రినాథ్ నమ్మలేదు. వీడు మళ్లీ వచ్చి పేచీ పెడతాడని తలుపు లాగేసి తొక్కుతూనే ఉన్నాడు. కళ్లూ ముక్కూ కారిపోతున్నాయి. ఒళ్లంతా మంట. అయినా కదల్లేదు. చికెన్ కొట్టుకి పేరు కూడా ఖాయం చేసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. మసకబారిన కళ్లకి ముందు ఖాకీ బట్టలు ఆనాయి. ఎస్సై. ఆయన వెనక శ్రీకృష్ణ, చైతన్యకృష్ణ, బాలు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"గెలిచాక పట్టిస్తార్రా! ఇంత మోసమా?"

"మోసమేముందన్నా," అన్నాడు బాలు. "అన్నానికి పోయినప్పుడే, ఆట మొదలుకాకముందే, సారుకి మేం ముగ్గురం దొరికిపోయాం. సరుకుతో పాటు మనిషి ఒక్కడు చాలన్నారు. ఆ ఒక్కడెవరో మాలో మాకు తేలకే కదా ఈ ఆట పెట్టింది!"