తలుపు వైపు వంపు

"నీళ్ళు బొత్తిగా అయిపోతే మన గతేం కానురా? నాలుక పిడచకట్టుకుపోయి ఇక్కడే పోతాం," అంది లోర్నా.

"రేపు మధ్యాహ్నానికి బండి లాగేవాళ్ళు వస్తారుగా! కాస్త శుభం పలుకమ్మా," అంటూ కొడుకు డెల్ పై బెర్తు ఎక్కి గురక మొదలెట్టాడు.

అరిజోనా ఎడారిలో, పడకలూ వంటగదీ ఉన్న వాళ్ళ ఇంటిబండి ఇసుకలో కూరుకుపోయింది. కుళాయి సాయంత్రం నుంచే గాలి కక్కుతోంది. ట్యాంకు అడుగున ఇంకా నీళ్ళున్నాయి గానీ, వాటిని లాగే గొట్టం తలుపు వైపు మూలన ఉంది; బండి అటు ఒరిగితే గానీ అందవు. నిరుడు పోయిన మొగుడు వర్జిల్ అయితే ఆ వైపు చక్రాలను పల్లంలోకి దింపి, ఆఖరి చుక్క దాకా పిండేవాడు. ఆయన పిసినారితనం పుణ్యమా అని లోర్నా సగం కాపురం ఏటవాలుగానే నిద్రపోయింది.

దీపం ఆర్పగానే బల్ల మీది చెంచా దొర్లింది. తలుపు వైపే దొర్లింది.

బయట గాలి లేదు. బండి కింద ఎవరో చేతులతో ఇసుక తోడుతున్నట్టు సరసరమంటోంది. బండి మెల్లగా, ఎంతో మర్యాదగా అటు ఒరిగింది. ఆపేసిన పంపు దానంతటదే గుర్రుమంది. చీకట్లో కుళాయి కింది గిన్నెలోకి నీళ్ళు పడ్డాయి.

"డెల్! ఒరేయ్!"

పైన గురక ఆగలేదు.

"కింద... ఎవరు?" అంది లోర్నా నేల వైపు వంగి.

సరసర ఆగింది. నీళ్ళూ ఆగాయి.

"నువ్వు కూడా ఇటు జరిగి పడుకోవే లోర్నా," అంది నేల కింద నుంచి వర్జిల్ గొంతు, విసుగ్గా. "ఇంకో రెండు చెంబులొస్తాయి."