తుపాకి పెట్టె తాళంచెవి

"మేడమ్, పెట్టె ఒకసారి తెరిచి చూపించాలి," అంది ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో అమ్మాయి.

శ్యామసుందరి హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి వెతికింది. మళ్ళీ వెతికింది. చివరికి బ్యాగంతా కౌంటర్ మీద బోర్లించింది. లిప్‌స్టిక్, ఆసుపత్రి కార్డు, తుపాకి లైసెన్సు, నలిగిన టిష్యూలు... అన్నీ ఉన్నాయి. తాళంచెవి లేదు.

పక్కనే ఆమె భర్త ఈశ్వరప్రసాద్ ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని పైకప్పు కేసి చూస్తున్నాడు. తాళంచెవి అతని గుప్పిట్లోనే ఉంది. పొద్దున్న ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు తీశాడు.

"ఏమైంది శ్యామా?" అంటూ వచ్చాడు ద్వారకానాథ్. ఆసుపత్రిలో ఆయన సర్జన్. ఆయన కోస్తే, మత్తు ఇచ్చేది శ్యామసుందరి. ఇద్దరూ కలిసి పక్క రాష్ట్రం క్వీన్స్‌లాండ్‌లో ఎవరో రైతు పొలంలో అడవిపందుల్ని కాల్చడానికి బయల్దేరారు. పోయినేడూ వెళ్ళారు. అప్పుడు ఆఫీసు పనిలో పడి ప్రసాద్ దింపడానికి రాలేకపోయాడు. ఈసారి సెలవు పెట్టి మరీ వచ్చాడు.

శ్యామా అట! ఆ పిలుపు తనొక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"కీ కనబడట్లేదు సార్."

"కంగారు పడకు. రైఫిలు బోల్టు ఊడదీసి విడిగా పెట్టావు కదా?"

"పెట్టాను సార్."

"మరి బుల్లెట్స్?"

"వేరే బ్యాగులో, డబ్బాలో."

వాళ్ళు అలా సగం సగం మాటలతో మాట్లాడుకుంటుంటే ప్రసాద్‌కి ఒళ్ళు మండిపోయింది. రౌస్ హిల్లో వాళ్ళ ఇంటి గరాజ్‌లో తుపాకి దాచే ఇనప్పెట్టె ఒకటి ఉంది. లైసెన్సు లేనివాడి చేతికి దాని తాళం ఇవ్వకూడదట. చట్టమట. తన సొంతింట్లో తను తెరవకూడని బీరువా ఒకటుంటే, అందులో ఏమేం ఉందో ఈ పెద్దమనిషికి మాత్రం పూసగుచ్చినట్టు తెలుసు!

"తుపాకి ఖాళీగా ఉందని మేం చూడాలి మేడమ్. లేకపోతే విమానం ఎక్కించలేం," అంది కౌంటర్ అమ్మాయి మర్యాదగానే.

"ఇంకో తాళంచెవి లేదా?" అడిగాడు ద్వారకానాథ్.

"ఇంట్లో ఉంది సార్. వెళ్ళొచ్చేసరికి ఫ్లైట్ వెళ్ళిపోతుంది."

"పోనీలే శ్యామా," అన్నాడు ప్రసాద్. తన గొంతు అంత తియ్యగా రావడం అతనికే ఎబ్బెట్టుగా అనిపించింది. "ఇంటికి పోదాం పద. ఆ పందులెక్కడికి పోతాయి? ఇంకోసారి చూసుకోవచ్చు."

"గోధుమ చేనంతా తొక్కేస్తున్నాయటండీ. పాపం ఆ రైతుకి మాటిచ్చాం," అంది శ్యామసుందరి. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

తన జ్వరానికి చెమర్చని కళ్ళు పందులకి చెమర్చాయి!

ద్వారకానాథ్ ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే ఫ్లైట్ వదిలేద్దాం శ్యామా. నా కారు పార్కింగులోనే ఉంది, మీ ఇంట్లో ఆ రెండో తాళంచెవి తీసుకుని రోడ్డు మీద పోదాం. దారిలో మోరీ అనే ఊళ్ళో ఏదో మోటెల్లో రాత్రికి పడుకుంటే, రేపు మధ్యాహ్నానికల్లా పొలంలో ఉంటాం."

"నిజంగానా సార్?" శ్యామసుందరి మొహం వెలిగిపోయింది.

మోటెల్ అన్న మాట ప్రసాద్ చెవిలో సీసం పోసినట్టయింది. చెయ్యి దానంతటదే జేబులోంచి బయటికొచ్చింది.

"అరెరే! ఇదేనేమో చూడు. కారు తాళాలతో పాటు పొరపాటున నా జేబులోకి వచ్చేసినట్టుంది."

శ్యామసుందరి ఒక్క ఉదుటున లాక్కుంది. పెట్టె తెరిచింది. మందపాటి ఫోమ్‌లో రైఫిలు, దానికి దూరంగా వేరే గుంటలో బోల్టు. కౌంటర్ అమ్మాయి వంగి చూసింది. లోపల గుండు లేదని తేల్చుకుని తలూపింది. తాళం మళ్ళీ పడింది. బుల్లెట్ల డబ్బా తూకం వేశారు, పెట్టెకి చీటీ అంటించి లోపలికి పంపేశారు.

"బతికించారు!" అంటూ శ్యామసుందరి భర్త చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

ప్రసాద్‌కి సిగ్గేసింది. ఇంత చిన్నదానికి ఇంత సంతోషపడే మనిషిని ఎంత ఏడిపించాడు! గేటు దగ్గర ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపితే, తనూ మనస్ఫూర్తిగానే ఊపాడు. ద్వారకానాథ్‌కి కూడా ఊపాడు.

వాళ్ళు కనుమరుగయ్యాక చూస్తే, పక్కన ద్వారకానాథ్ భార్య సీతాదేవి నిలబడి ఉంది. భర్తని సాగనంపడానికి వచ్చిన మనిషి ఇంతసేపూ నోరు విప్పలేదు.

"తాళంచెవి ఎప్పుడు తీశారు ప్రసాద్‌గారూ?" అడిగిందావిడ నెమ్మదిగా.

ప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. "అబ్బే, అది... పొరపాటున..."

"నా దగ్గర దాపరికం ఎందుకండీ? పోయినేడు మా ఆయన పెట్టె తాళంచెవి తీసి నేనూ ఇక్కడే ఇలాగే నిలబడ్డాను."

ప్రసాద్‌కి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఈ రోగం తనొక్కడిదే కాదన్నమాట. పకపకా నవ్వేశాడు. "మరి మీరు కూడా చివర్లో ఇచ్చేశారా?"

"లేదండీ. నేను గట్టిదాన్ని, ఇవ్వలేదు," అంది సీతాదేవి. నవ్వలేదు. "కార్లో వెళ్ళారు ఇద్దరూ. మీకు శ్యామ చెప్పలేదూ?"