ముందుకు పెట్టిన కాలు

ఢీకొట్టింది బోన్‌సప్. వెల్లకిలా పడిందీ బోన్‌సప్పే.

ముసలాయన మాత్రం కొండదారిలో అలాగే నిలబడి ఉన్నాడు. చేతిలో గడ్డితో చుట్టిన పది గుడ్లు. ఒక్కటి కూడా చిట్లలేదు.

"కాలు అడ్డం పెడతావా తాతా?"

"అడ్డం పెట్టలేదు నాయనా. ముందుకి పెట్టా, అంతే."

బోన్‌సప్‌కి ఒళ్ళు మండింది. వేరే విద్యలో నల్ల బెల్టు సంపాదించి మరీ సోక్ మాస్టారి దగ్గర తెక్క్యన్ అనే పాత కొరియా కాలిపట్ల ఆట నేర్చుకుంటున్నవాడు. లేచి దుమ్ము దులుపుకుని, కాళ్ళు రెండూ వెనక్కి లాక్కుని తన్నడానికి నిలబడ్డాడు.

ముసలాయన ముసిముసిగా నవ్వాడు.

"అంత దూరంగా దాచుకున్నావేం? ఎదుటివాడికి ఒక కాలు అందేలా పెట్టాలి. ఇంటికొచ్చినవాడికి చాప వేసినట్టు."

"గుడ్లమ్ముకునేవాడివి, నాకు నేర్పుతావా?"

"అమ్మడానికి కాదులే, మాస్టారికి తెచ్చా. ఆట మళ్ళీ నేర్పుతున్నాడని రేడియోలో విన్నా. పైకొచ్చి ఒక్కసారి చూసిపోనా?"

"ఇవాళ కుదరదు. ప్రభుత్వం తరఫున పెద్దమనిషి వచ్చాడు. ఆయన ఊఁ అంటేనే ఈ ఆట బతికేది. ఆ మట్టి చెప్పులతో వచ్చి మా పరువు తీయకు."

ముసలాయన తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"నిజమేలే. నాకూ బస్సు వేళయింది." గుడ్ల కట్ట బోన్‌సప్ చేతిలో పెట్టాడు. "చలికి మాస్టారి ఎడమ మోకాలు పట్టేస్తుంది. జాగ్రత్తగా చూసుకోండి."

కొండ మీద, డెబ్భై ఏళ్ళ సోక్ మాస్టారు వాలుతూ తేలుతూ అడుగులు వేస్తున్నారు. చూస్తుంటే కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు. వచ్చిన పెద్దమనిషి కూడా కలం మూసి చూస్తూ ఉండిపోయాడు.

చివరికి నిట్టూర్చాడు.

"అద్భుతం మాస్టారూ. కానీ ఇది ఒక్కరే ఆడే ఆట కాదుగా. పైపేటకీ కిందిపేటకీ మధ్య జరిగే ఆట. కిందిపేట వాళ్ళ పట్లు మీ శిష్యులెవరికీ రావు. సగం ఆటని ఏమని రాసుకోను?"

"ఆ సగం తెలిసినవాడు ఒకడుండేవాడు. యుద్ధంలో పోయాడు." మాస్టారు తల దించుకున్నారు.

ఆయన ముఖం చూడలేక, కాస్త నవ్విద్దామని బోన్‌సప్ గుడ్లు ముందు పెట్టి తను పడ్డ వైనం చెప్పాడు.

మాస్టారు నవ్వలేదు.

"ఏ కాలు పెట్టాడు?"

"కుడికాలు. ముందుకి పెట్టానంతే అన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"మీ ఎడమ మోకాలు..."

మాట పూర్తయ్యేలోపే మాస్టారు లేచారు. చెప్పులు కూడా వేసుకోకుండా కొండ దిగడం మొదలుపెట్టారు. బోన్‌సప్ వెనకే పరుగెత్తాడు.

బస్సు వెళ్ళిపోయింది. ఏ ఊరి బస్సో టీ కొట్టువాడికి తెలియదు. పేరేమిటో బోన్‌సప్ అడగనే లేదు.

కుంటుకుంటూ తిరిగొచ్చి మాస్టారు గుడ్ల ముందు కూలబడ్డారు. బోన్‌సప్‌కి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"అంత గొప్ప ఆటగాడా మాస్టారూ?" పెద్దమనిషి మెల్లగా అడిగాడు.

"దానో పండగ రోజున నన్ను ఏటా పడగొట్టేవాడు. ఈ మోకాలు వాడి చలవే. కానీ గొప్పతనం అది కాదు."

మాస్టారు ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నారు.

"జపాన్ మన దేశాన్ని ఏలిన రోజుల్లో, వాళ్ళ పోలీసులు ఆట ఆపించిన ఏడాది మేమిద్దరం దొంగచాటుగా ఆడుతుంటే వచ్చి పడ్డారు. నేను పారిపోయా. వాడు దొరికాడు. నీతో ఆడిందెవరని పదకొండు రోజులు కొట్టారు."

"చెప్పాడా?"

"ఇద్దరు లేనిదే ఆడలేని ఆటని, ఒక్కణ్ణే ఆడుకున్నానని పదకొండు రోజులూ చెప్పాడు."